కడుపులో చల్ల

కండక్టరు ఉద్యోగం వచ్చిన రోజు
మా అమ్మ దీవెనమ్మ నెత్తిన చెయ్యిపెట్టి అన్నది
"ఇక కడుపులో చల్ల కదలకుండా బతుకు తల్లీ."

పన్నెండేళ్లు కదల్లేదు.
పదమూడో ఏట, ఆటోనగర్ నుంచి కాళేశ్వరరావు మార్కెట్టుకు
నిండు బస్సు, నిండు ఎండ,
బెంజి సర్కిల్ దగ్గర
లోపల ఎవరో గంట కొట్టారు.

బస్సయితే "హోల్డాన్" అంటే ఆగుతుంది.

అప్పట్నుంచి నా బెజవాడ వేరు.
మీకు కొండ, కాలవ, బ్యారేజీ.
నాకు తలుపులు, గొళ్లేలు, నీళ్లు రాని కుళాయిలు.
ఏలూరు రోడ్డు బట్టలకొట్టు వెనక ఒకటి,
గవర్నరుపేట పెట్రోలు బంకులో ఒకటి.
దాని తాళంచెవి మస్తానుగారి దగ్గర.
అడక్కముందే అందిస్తారు, మొహం అటు తిప్పుకుని.
ఆ తిప్పుకోవడాన్ని ఏ మందులచీటీలోనూ రాయరు.

సూర్యారావుపేటలో డాక్టరమ్మ
తెరమీద నా లోపలి సందు చూపించింది.
ఎర్రగా రేగి, అక్కడక్కడ నెత్తురు చెమర్చి.
"పేగుపూత" అంది.
మాది నూజివీడు పక్క పల్లె.
పూత అంటే నాకు మాఘమాసపు మామిడికొమ్మ.
ఇంత పాడుదానికి ఆ మాటే దొరికిందా?

మొదట మాత్రలు.
రాత్రిళ్లు కిందనుంచి ఎక్కించుకునే మందు.
అది జారిపోకుండా ఎడమపక్కకు ఒత్తిగిలి
గోడమీద బల్లి ఎటు కదుల్తుందా అని చూసేదాన్ని.
మావారు ఏమీ అడక్కుండా
లేచి ఫ్యాను ఒక నంబరు తగ్గించేవారు.

తర్వాత స్టెరాయిడ్లు.
నెత్తురు ఆగింది. నిద్రా ఆగింది.
మొహం బూరెలా పొంగితే
"ఒళ్లు చేశావు కృపా, సుఖపడుతున్నావ్" అన్నారు డిపోలో.
నవ్వాను,
చిల్లర లేదని చెప్పేటప్పుడు నవ్వే నవ్వు.
ఆ మందు ఒక్కసారిగా మానకూడదట,
స్టాపు ముందు బస్సు నెమ్మదించినట్టు
కొంచెం కొంచెంగా దిగాలట.

ఇప్పుడు ఎనిమిది వారాలకొకసారి
థర్మాకోల్ డబ్బాలో, ఐసు మధ్య
నా జీతాన్ని మించిన చిన్న సీసా.
ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కుతాను.
గతుకొస్తే డబ్బాని పొట్టకు అదుముకుంటాను,
పొట్టని అది కాయాలా, దాన్ని పొట్ట కాయాలా తెలీకుండా.
నర్సు షకీలా నరం వెతుకుతుంది.
చుక్క. చుక్క.
టికెట్లు చింపే చేతికి రెండు గంటలు పని లేదు.

ఎరుపు చూడక ఇది ఐదో నెల.
గట్టిగా అననులెండి.

మొన్న పక్క కుర్చీలో కొత్త కుర్రాడు, జయవంత్,
లా చదువుతున్నాడు.
సూదికంటే నా ఖాకీని చూసి ఎక్కువ బెదిరాడు.
"ఎప్పటికి పోతుందండీ ఇది?"
నాతో అన్నమాటే వాడితో అన్నాను.
"పోదు నాన్నా. పడుకుంటుంది.
లేపకుండా మసలుకోవాలి."
వాడు కళ్లు మూసుకున్నాడు.
తొందరపడి చెప్పానేమో.

సంచీలోంచి టికెట్టు మిషను కాగితం చుట్ట తీసి
వెనకవైపు గీత గీశాను,
ఆటోనగర్ మొదలు మార్కెట్టు దాకా.
పదకొండు తలుపులు.
గవర్నరుపేట దగ్గర చుక్కపెట్టి రాశాను:
మస్తానుగారు. నా పేరు చెప్పు.