పదో పేరు

ఆ ఏడు తొమ్మిది మందికి
నాలుగే గ్లౌజులు. మిగతావి ఉత్త అరచేతులు.
లింబాద్రి సారు పసుపు కల్లంల సున్నం గీత గీసి
"ఇల్లు విడిచి ఉరికి
మళ్ల ఇల్లు చేరుడే సాఫ్ట్‌బాల్" అన్నడు.
బీడీల చాటలు ఒళ్లో పెట్టుకొని మా అమ్మలు నవ్విన్రు:
"గది మేం రోజూ చేసేదే గద సారూ!"

గంగజల బంతి ఇసిరితే
తునికాకు కత్తిరించిన వేళ్ల నుంచి
తంబాకు వాసన సక్కగ గీత లెక్క పోయేది.
మెట్‌పల్లి మీద గెలిచినం. ఎవ్వలూ నమ్మలే.
కరీంనగర్ మీద గెలిచినం.
కండక్టర్ టికెట్ అడగలే.

హన్మకొండల ఫైనల్.
నేను పదో పేరును,
బెంచీ మీద పెన్సిల్ కొరుక్కుంట లెక్క రాసేదాన్ని.
ఆఖరి బంతిని రుబీనా లేపింది,
వాన మొగులును చూసినట్టు
మైదానమంత మెడలెత్తింది.
అవతలి పిల్ల దోసిట్ల పడ్డది.

ఒక్క పరుగు.
బస్సుల మేం ఏడువలే.
కోరుట్ల దాటినంక సారు
కిటికీ దిక్కు తిరిగిండు.

ఇరవై రెండేండ్లాయె.
కప్పు ఎవలు కొట్టిన్రో యాదికి లేదు.
మా ఊరి పోరగాళ్లు మాత్రం
మస్తు ఎత్తుకు లేచిన బంతిని
ఇప్పటికీ "రుబీనా" అనే అంటరు,
ఆమె ఎవలో తెల్వకనే.

నిన్న గంగజల బిడ్డ వచ్చి
"అమ్మ నిజంగ అంత జోరుగ ఇసిరేదా?" అంటే
లెక్కల బుక్కు తీసిన.
ఆఖరి గడి ఖాళీగనే ఉన్నది.
రుబీనా ఔటని
నేనింకా రాయలే.