వెనక మెడ పదకొండు

నల్లగొండ రామగిరిల నా షట్టరు.
బోర్డు మీద పేరు సగం ఎండకే పోయింది,
మిగిలింది "ర్తమ్మ లేడీస్ టైలర్".
ముందున్న సువా ఎటు వోయిందో ఎవ్వరు అడగలే.

పదిహేడేండ్ల సంది కొలుస్తున్న.
ఈ బజారు ఆడోళ్ల వీపులన్నీ నాకు ఎరుకే.
ఎవరికి పుట్టుమచ్చ, ఎవరికి వాత,
ఎవరు "ఇంకో ఇంచు కిందికి" అని గుసగుసగ అడిగి
బయట అత్త దగ్గంగనే
"వద్దులే అక్కా, మీదికే" అంటరో.
నా జాకెట్లకు మాత్రం
ఊపిరి తీసేటంత మెడ.

నౌషీన్ ఒకనాడు నల్ల జీన్సు పట్టుకొచ్చి
టైట్ చెయ్యమన్నది.
ఇంకింత టైటా, కూసుంటే కుట్లు పోతయి బిడ్డా అంటే
"కూసోనక్కా, నిలబడే వాయిస్తా."
హాస్టలు వెనక నీళ్ల ట్యాంకు కింద
నలుగురు ఆడపిల్లలు, రెండు గిటార్లు,
అరువు తెచ్చిన డ్రమ్ములు.
నేను కుట్టినంతసేపు దాని ఫోన్ల పాట పెట్టింది.

ముందుగాల అది గొంతనుకోలే.
క్రషర్ల బండ పడ్డట్టు
మొదాల గరగర, తర్వాత దుమ్ము,
ఆ దుమ్ముల నుంచి ఒక ఆడమనిషి.
ఏ దేశమో, ఏం భాషనో.
ఎవ్వర్ని బతిమాలుతలేదు.
చూస్తే చూడు,
లేకుంటే తొవ్వ ఇడువు అన్నట్టున్నది.

వీడియోల ఆమె నోరు.
అబ్బ, ఆ నోరు!
కొండనాలుక దాకా తెరిచి,
లిప్‌స్టిక్ గదువ మీదికి జారంగ,
పండ్ల మీద ఎర్ర మరక. తుడుచుకోదు.

మాది మర్రిగూడ దిక్కు.
మా బోరు నీళ్లు మా పండ్ల మీద గీతలు గీసినయి,
ఇటుక రంగు గీతలు.
పెండ్లి ఫొటోలన్నిట్ల మూసిన పెదవులే.
నవ్వొస్తే చెయ్యి దానంతటదే లేస్తది,
చెయ్యి ఖాళీ లేకుంటే కొంగు,
కొంగు అందకుంటే నవ్వే రాదు.
ముద్దుకు లైటు ఆర్పమన్నది గుడ
సిగ్గుకు కాదు.

రాత్రి తొమ్మిదింటికి షట్టరు సగం గుంజి
అదే పాట చెవుల్ల పెట్టుకొని మిషనెక్కిన.
డ్రమ్ము ఎంట సూది పడ్తున్నదో
సూది ఎంట డ్రమ్ము పడ్తున్నదో.
మోకాలు, తొడ, నడుము,
చానా ఏండ్లకు బస్సు ఆగిన ఊర్ల లెక్క
ఒక్కొక్కటి లేసి చూస్తున్నయి.
అంతల్నే కరెంటు పోయింది.
మోటరు ఆగింది.
కాలు ఆగలే.

సెల్లు లైటు గోడకు ఆనిచ్చి
మెడలున్న టేపు తీసి
నా మీదనే వేసుకున్న.
ఛాతి నలభై. నడుము ముప్పై ఏడు.
పిరుదులు నలభై మూడు.
ఆర్డర్ల పుస్తకంల రాసిన,
గిరాకి పేరు కాడ పూర్తిగ సువార్తమ్మ అని.
ఆ అంకెలు చూసి సిగ్గుపడదామనుకున్న,
రాలే.
సెక్సీ అంటరు చూడు కాలేజీ పిల్లలు,
దానికి మన దిక్కు ఏమంటరో నాకు తెల్వది.
కొలత దొరికింది:
వెనక మెడ పదకొండు.
మెరూన్ వెల్వెట్టు ముక్క, ఎవరో ఇడిచిపోయింది.
డోరి పెట్టలే,
వీపు సంగతి వీపే చూసుకుంటది.

శనివారం ఫంక్షన్ హాల్ల వాళ్ల ప్రోగ్రాం.
మైకు రెండుసార్లు కూసింది.
పాడే పిల్ల లైను మర్చిపోయి చిన్న బూతొకటి అన్నది,
అదే అన్నిటికంటె మంచిగ పడ్డది తాళంల.
నౌషీన్ నిలబడే వాయించింది,
కుట్లు పోలే.
నేను మూడో వరుసల.
ఫ్యాను గాలి వచ్చిపోయినప్పుడల్లా
నాకు వీపున్నదని చెప్పి పోతున్నది.
వెనక ఎవరో దగ్గిన్రు,
అత్త లెక్కనే.

పాట అయిపోకముందే నేను అరిచిన.
పక్క కుర్చీ పిల్ల తిరిగి నా నోట్లెకే చూసింది,
ఇటుక గీతలన్నీ కనపడంగ.

చేతులు లేసినయి,
అలవాటే గద.
నోటికాడ ఆగలే.