ఖాళీ బండి తూకం

ఏమీ చెయ్యక్కర్లేదన్నాడు విశాఖ డాక్టరు.
రక్తంలో కేన్సరే, కానీ తొందర లేదు,
మూడు నెలలకోసారి రండి, చూస్తూ ఉందాం.
చీటీ మీద ఒక్క మందైనా రాయలేదు.
ఆ ఖాళీ కాయితాన్నే నాలుగు మడతలు పెట్టి
జేబులో దాచుకుని రైలెక్కాను.

కూనేరు దాటాక స్టేషను పలకల మీద
తెలుగు కిందికి దిగి ఒడియా పైకెక్కుతుంది.
నూకరత్నం కిటికీ పక్కన పల్లీలు వొలుస్తూ
"ఏటలా సూస్తావు,
నా మొకం మీదేటైనా రాసుందేటి?" అంది.

ఇరవై ఆరేళ్లుగా రాయగడ పేపరు మిల్లు గేట్లో
వెదురు లారీలు తూస్తున్నాను.
నిండు బండి, ఖాళీ బండి, తీసివేత.
అంకెలంటే నాకు భయం లేదనుకునేవాణ్ణి.
తెల్లకణాలు ముప్పై ఒక్క వెయ్యి.
తర్వాత ముప్పై నాలుగు. మళ్లీ ముప్పై మూడున్నర.
క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసుకుంటాను,
ఎప్పటికి రెట్టింపవుతాయో లెక్క కడతాను.
దేన్లోంచి దేన్ని తీసెయ్యాలో మాత్రం
ఏ రిపోర్టులోనూ లేదు.

పక్కింటి బినోదిని అపా మజ్జిగౌరమ్మ కుంకం తెచ్చింది.
బావమరిది ఫోన్లో అరిచాడు,
మందివ్వని ఆసుపత్రేటి, హైదరాబాదు తీసుకుపోమని.
మిల్లులో ఎవరికీ చెప్పలేదు.
చెబితే, ఆవిడ బాగానే ఉంది కదా అంటారు.
బాగానే ఉంది.
అదే ఎలా చెప్పాలో తెలీదు.

రాత్రి తను నిద్రపోయాక
మెడ కింద, చెవి వెనక, వేళ్లతో వెతుకుతాను
సెనగబద్దంత గట్టిదనం కోసం.
చెమటకి తలగడ తడిసిందేమోనని తడుముతాను.
దొంగకైనా దొరికినదాంతో సంతోషం ఉంటుంది,
నాకు దొరక్కపోతేనే నిద్ర.

మొన్న చీకట్లో నా చెయ్యి పట్టేసుకుంది.
"లోడెంత?"
నవ్వలేకపోయాను.
"రోజూ తూస్తన్నావు నన్ను. సరే.
బండి కాటా ఎక్కినప్పుడు
డ్రైవర్ని దిగమంటావు గదా,
మరి నువ్వెందుకు దిగవు?"

నాగావళి వంతెన మీద గూడ్సు బండి ఒకటి
చాలాసేపు పోయింది.
డబ్బాలు లెక్కపెట్టబోయి
పదకొండు దగ్గర వదిలేశాను.
తన చెయ్యి అలాగే ఉంది, నిద్రలోకి బరువెక్కుతూ.

పొద్దున్న సంతకి సంచీ మోసుకుని వెనకే వెళ్లాను.
కొండమీంచి దిగిన ముసలమ్మ
గోనెపట్టా మీద పసుపుకొమ్ములు పోసుకుని కూచుంది.
ముక్కుకి మూడు పోగులు, పక్కన తక్కెడ లేదు.
దోసిళ్లతో కొలుస్తోంది.
నేను రెండడుగులు పక్కకి దిగి నిలబడ్డాను.
వచ్చే నెల పద్నాలుగున మళ్లీ రక్తం తీస్తారు.
నేనున్నానన్న సంగతే మర్చిపోయి రత్నం
ఇంకో దోసిలి, ఇంకొక్కటంటే ఒక్కటి, పొయ్యమని
ఆమెతో దెబ్బలాడుతోంది.