ప్లెకో

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
అట్ట ఊడిన గ్రీకు నిఘంటువు, ఎనభై రూపాయలు.
లాంబ్డా దాకా చెదలు తినేశాయి.
చిరిగిన లోపలి పేజీలో ఊదా సిరా:
కె. దేవభూషణం, సికింద్రాబాద్, 1957.
దైవశాస్త్రం చదివేవాడేమో.

పురానాపూల్ బస్సులో
ఒళ్ళో పెట్టుకుని తెరిస్తే వేలు ఆగిన చోట
ప్లెకో.
అల్లుతాను, జడ వేస్తాను, పేనుతాను.
బుట్టనీ వలనీ తాడునీ కురులనీ,
కాలమ్ కిందికి దిగేకొద్దీ
మాటల్నీ, పన్నాగాల్నీ.
మనవాళ్ళూ కథలు అల్లుతారుగా!
కండక్టర్ చిల్లర అడిగితే వినిపించుకోలేదు.

గ్రీకులో క్రియ ఎప్పుడూ
'నేను' తోనే తలుపు తీస్తుందట.
మన నిఘంటువుల్లో ఉత్త 'అల్లు'.
ధాతువో, ఆజ్ఞో తెలీదు.

అంచులో దేవభూషణం పెన్సిల్ రాత,
చీమల బారంత సన్నగా:
"ఇదే వేరు నుంచి సంస్కృతంలో ప్రశ్న. అంటే బుట్ట."
అడిగే ప్రశ్న కాదు సుమా,
అది వేరే తల్లి బిడ్డ.
ఒకే ముఖం, రెండు ఇంటిపేర్లు.

వంతెన పక్క వెదురు చీలుస్తోంది సాయవ్వ.
అంచు విరిగిన నా చాట
ఆమె దగ్గరే ఉంది మూడు వారాలుగా.
పుస్తకం చూపించి, చదివి చెప్పాను,
నేను అల్లుతాను అని రాసుంది ఇందులో.
"ఎవలు?" అంది, తల ఎత్తకుండా.
"మా అవ్వ నన్ను కూసోవెట్టి అల్లు అన్నది.
గంతే. ఇగ నేను, నువ్వు అనెతందుకు
తీరిక యాడ దొరికె?"

బద్ద చివర పట్టుకోమంది.
పట్టుకున్నాను. బొటనవేట్లో పేడు దిగింది.
ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా,
మూసీ కంపులో, ఆటోల మోతలో
ఆరు బద్దలు నక్షత్రంలా పరుచుకున్నాయి.
నోటిదాకా వచ్చింది ఆగిపోయింది.
ఏమని మొదలుపెట్టాలి,
రెండున్నర వేల ఏళ్ళ నాటి మాట గురించి,
పళ్ళతో వెదురు నార లాగుతున్న మనిషితో?

"ఏంది, అట్ల జూస్తున్నవ్?
అడుగు," అంది.

బుట్ట అడుగు చూపించిందో
నన్ను అడగమందో
బస్సెక్కాక కూడా తేలలేదు.
వేలిలో పేడు మాత్రం
ఇంకా కలుక్కుమంటోంది.