లేకపోతే

వాల్పరాయిసోలో మార్చి అంటే
ఎండాకాలం మూటాముల్లె సర్దుకునే నెల.
సాయంత్రం ఆరున్నర, రెండో అంతస్తు,
ఫినాయిల్ తడి ఇంకా ఆరని గదిలో
నా వయసులో సగం లేని పిల్లల మధ్య
నేను, ఎర్మిందా, నలభై తొమ్మిది,
టికెట్లు చింపి
కొండెక్కే రైలుపెట్టెని పైకి పంపే మనిషిని.

హాజరు పిలిస్తే "ఉన్నాను" అన్నాను
మరీ గట్టిగా.
పక్కనున్న ఆకుపచ్చ జుట్టు కుర్రాడు ఎలియాసర్
ఉలిక్కిపడ్డాడు.
కంప్యూటర్ మీట నాకు దొరికేలోగా
వాడు తన పేరు తెరమీద పది రంగుల్లో రాసేశాడు.

పంతులమ్మ పేరు రాయెన్. మా చిన్నదాని ఈడు.
బోర్డు మీద ఏమీ రాయలేదు.
"యంత్రానికి బుర్ర లేదు," అంది,
"మర్యాద లేదు, మొహమాటం లేదు.
చెప్పింది చేస్తుంది, చెప్పనిది చెయ్యదు, అంతే.
మీరు రోజూ చేసే పని ఒకటి
దానికి అర్థమయ్యేట్టు రాయండి.
ఇవాళ్టికి యంత్రం నేనే."

ఎలియాసర్ నూడుల్స్ వండటం రాశాడు.
ఆమె ప్యాకెట్ చింపకుండానే గిన్నెలో పడేసింది,
గది గొల్లుమంది.
ఇంకో పిల్ల బూటు లేసు కట్టడం రాసింది,
ఆ ముడి ఇంకా విప్పుతూనే ఉన్నారనుకుంటాను.

నా కాగితం:

ఒకటి. తలుపు మూయి.
రెండు. గొళ్ళెం పడిందో లేదో చేత్తో లాగి చూడు.
మూడు. గంట రెండుసార్లు కొట్టు.
నాలుగు. పైనుంచి రెండు గంటలు వినపడేదాకా ఆగు.
ఐదు. బ్రేకు వదులు.

పందొమ్మిదేళ్ళ పని
ఐదు వరుసల్లో ఒదిగిపోతే
కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

రాయెన్ లేచింది. లేని తలుపు మూసింది.
లేని గొళ్ళెం లాగింది.
బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టి
నిలబడింది.

నిలబడే ఉంది.

కింద రేవులో ఏదో ఓడ కూత పెట్టింది.
ఎవరో నవ్వబోయి మానేశారు.

"పై గంట రాలేదు కదమ్మా," అంది చివరికి
మెడ తిప్పకుండా,
"రాకపోతే ఏం చెయ్యాలో మీరు రాయలేదు.
తెల్లారేదాకా ఇలాగే ఉంటాను."

రాకపోవడమేమిటి?
పైన నికనోర్ ఉంటాడు.
గంట కొడితే గంట పలుకుతుంది.
జలుబు చేస్తే కాస్త ఆలస్యంగా,
ఫుట్‌బాల్ ఉన్నరోజు అదరాబదరాగా,
నా పుట్టినరోజున, రూలుకి విరుద్ధంగా, మూడు.
మేం ఎదురుపడి మాట్లాడుకున్నది తక్కువ.
ఆ ఇనుపతీగ చాలింది మాకు.

కాగితం వెనక్కి తీసుకున్నాను.
నాలుగో వరుస కింద
ఒక్క మాట రాశాను: లేకపోతే.

రాసి, అక్కడే ఆగిపోయాను.

పోయిన ఆగస్టులో ఒక మంగళవారం, ముసురు.
గంట కొట్టాను. ఆగాను.
మళ్ళీ కొట్టాను.
పెట్టెలో పదకొండుమంది, ఒక కుక్క,
రొట్టెల బుట్టతో ఒకావిడ,
అందరూ నా మొహమే చూస్తున్నారు.
తలుపు తీసి, వాళ్ళని దించి
మెట్లదారి పట్టాను.
నూట అరవై రెండు మెట్లు.
లెక్క తప్పితే ఏదో అయిపోతుందన్నట్టు
లెక్కపెట్టాను.

ఆయన కుర్చీలోనే ఉన్నాడు.
గంట తాడుకీ చేతికీ మధ్య
బెత్తెడు ఎడం.

తర్వాత మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి
పైన ఒక డబ్బా బిగించారు, పచ్చదీపంతో.
"ఇక పైన మనిషక్కర్లేదు, ప్రోగ్రాం ఉంది" అన్నారు.
అది ఠంచనుగా పలుకుతుంది.
జలుబు లేదు, ఫుట్‌బాల్ లేదు.
అందుకే ఈ క్లాసుకొచ్చాను, ఎవరికీ చెప్పలేదు,
ఆ డబ్బాలో ఎవరు ఏం రాశారో చదవాలని,
ఈ మాట రాశారో లేదో చూడాలని.

"అయిందా?" అంది రాయెన్.
ఇంకా నిలబడే ఉంది, పాపం.

లేకపోతే, అని చదివాను,
ఇంకొకసారి కొట్టు.
అప్పటికీ లేకపోతే
అందరినీ దించు.
మెట్లెక్కి వెళ్ళి చూడు.

అది యంత్రానికి చేతకాదమ్మా, అనబోయింది కాబోలు,
నోరు తెరిచి, మూసింది.
గది చివరిదాకా నడిచి
గోడ దగ్గర, లేని మెట్లు
ఒక్కొక్కటే ఎక్కసాగింది.

ఎలియాసర్ లెక్కపెడుతున్నాడు, మెల్లగా,
సున్నా నుంచి.