ఊటసీసా

పొద్దు ఇంకా మొపానె చెట్ల వెనకే ఉండగా
సిఖాంగెజిలె ముసలమ్మ కట్ట దిగుతుంది.
చేతిలో జామ్ సీసా. మూత ఎప్పుడో పోయింది.
కట్ట పాదం దగ్గర, తుంగ మొలిచిన చోట
చిటికెనవేలంత ఊట.
సీసా నిండేదాకా పెదాల మీద లెక్కపెట్టి
వెలుతురుకెత్తి చూస్తుంది.

"తేటగా ఉంటే కట్టకు చెమట పట్టిందనుకో.
మడ్డిగా వస్తే కట్టే వెళ్లిపోతోందన్నమాట,
లోపల్నుంచి, చారెడు చారెడుగా."

ఆవిడ వెనక తిరగడం మొదలెట్టి నాకు మూడు వానకాలాలు.
అంతకు ముందు ఇదొక మట్టిదిబ్బ,
మా మేకలకు అడ్డదారి.

కట్టిన ఏడు కరువట.
రోజు పనికి మక్కపిండి, వారానికో నూనె సీసా.
చెదపుట్టలు తవ్వి ఆ మన్నే నడుమ పోశారు.
గాడిదబండ్లు విరిగాయి, ఒక గాడిద చచ్చిపోయింది.
తడిపి, ఎద్దుల్ని అటూ ఇటూ తోలి తొక్కించి
మళ్లీ పోశారు, మళ్లీ తొక్కించారు.
పుట్టమన్ను నీళ్లను దాటనివ్వదని చెప్పింది
ఫానుయెల్, ఆవిడ పెనిమిటి.
ఏ పుస్తకంలోనూ చదవలేదు.
గాదెలు అలికిన చేతులు ఆయనవి.

ఇప్పుడు కట్ట కింద ఉల్లిమళ్లు, టమాటా, కోవో ఆకు.
పైన పశువులు నీళ్లకు దిగే బాట,
అది కట్ట మీదుగా పోకుండా ముళ్లకంప.
పిల్లల గాలాలు. దుప్పట్లు ఉతికే బండ.
ఆదివారం తెల్ల అంగీల ప్రార్థనవాళ్లు వచ్చి
పాపాలు మా నీళ్లలో వదిలి వెళతారు.
"వదలనీ, పూడికలో అదెంత," అంటుంది.

నిరుడు ఇటుకలు కాల్చే ఓబర్ట్
అలుగు మీద ఇసుకబస్తాలు పేర్చాడు.
ఇంకో రెండడుగులు నిలుస్తాయి కదా, పోనీ అన్నారందరూ,
నేనూ అన్నాను.
రాత్రి ఉరిమింది.
తెల్లారేసరికి బస్తాలన్నీ ఒడ్డున.
ముసలమ్మ వాటి మీద కూర్చుని ఉంది,
మోచేతుల దాకా బురద.
అలుగు జానెడు మందాన పారుతోంది,
ఎవరినీ పట్టించుకోని ఆవులా.
"నీళ్లకు దారి నువ్వు చూపకపోతే
అవే చూసుకుంటాయి," అంది ఓబర్ట్‌తో.
ఆ నెలంతా అతను ఆవిడతో మాట్లాడలేదు.

ఫానుయెల్ పోయిన మరుసటి వానలకు
కట్ట మీద మూడు మారులా మొలకలు లేచాయి,
సరిగ్గా ఆయన సాయంత్రాలు కూర్చునే చోట.
పళ్లు చప్పరించి టెంకలు అక్కడే ఉమ్మేవాడు.
చెప్పి చెప్పి ఆవిడ నోరు నొప్పిపుట్టేది.

రెండింటిని ఆ వారమే పీకేసింది.
మూడోది ఉండిపోయింది.
ముంగిస బొరియ కనిపిస్తే ఆ పూటే పూడ్చే మనిషి
దాని పక్కనుంచి నడిచి వెళ్లిపోయేది.
నేను చూశాను. ఆవిడకూ తెలుసు, నేను చూశానని.
చెట్టు వేరు కట్టను పట్టుకుంటుంది గదా అన్నానొకసారి,
సాయం చేద్దామని.
"బతికినన్నాళ్లూ పట్టుకుంటుంది.
చచ్చాక కుళ్లి, దాని మందాన బుంగ మిగులుస్తుంది."

మొన్న వాన కాస్త తెరిపిచ్చినప్పుడు
పార తెమ్మంది.
మొలక నా మోకాలెత్తు,
వేరు నా భుజం దాకా వచ్చింది.
గుంటలో పుట్టమన్ను పోసి, నీళ్లు చల్లి,
మడమతో తొక్కింది, చాలాసేపు,
అవసరమైనదానికన్నా ఎక్కువసేపు.
ఆకులు మేకలు తినేశాయి.

తర్వాత సీసా పట్టుకుని కిందికి దిగాం.
నిండింది. ఎత్తి పట్టుకుంది.
"ఏముంది గోగో?"
"ఏమీ లేదు," అంది.
ఆ మాట కోసమే గదా
రోజూ ఇంత కిందికి దిగేది.

సీసా నా చేతిలో పెట్టి
మోకాలు పట్టుకుని కట్టెక్కింది.
రేపు నేనొక్కణ్నే రావాలట.
లెక్క ఎక్కడిదాకా పెట్టాలో
ఇంకా చెప్పనేలేదు.