ఒకటి తక్కువ

రెండుసార్లు లెక్కపెట్టాను.
రెండువేల నాలుగువందల పదిహేడు గూళ్లు.
కాగితం మీద మాత్రం పద్దెనిమిది.

"చచ్చినవి?"
"సీసాలో ఉన్నాయి, తారీఖులతో సహా,"
అంది తొకుయే, కాస్త నొచ్చుకుని.
డెబ్బై మూడేళ్ల మనిషి.
పురుగుల్ని 'వారు' అంటుంది,
నన్ను 'నువ్వు' అంటుంది.

గున్మా కొండల వెనక అక్టోబరు పొద్దు
ఐదింటికే కుంగింది.
రెండు తలుపులు, కిటికీకి మూడు వరసల వల.
ఈ పురుగుల్లో ఏదో సముద్రపు జీవి వెలుగు
ఒక పోగు కలిపాం.
గడప దాటితే ఏమవుతుందో తెలీదు గనకే
ఇన్ని కాగితాలు.

తొకుయేకి ఆ కాగితాలంటే నవ్వు.
"జానెడు దూరాన ఆకు పెడితే
కదిలి వెళ్లరు వారు.
రెక్కలొచ్చినా ఎగరలేరు.
ఈ పట్టుగదుల్లోంచి పారిపోయింది
మనుషులే తల్లీ.
వాళ్లకెవరూ వల కట్టలేదేం?"

నా ఉద్యోగం లెక్క.
అది కుదిరేదాకా పట్టు కదలదు,
ఆమె డబ్బు కదలదు,
నేనూ కదలను.

తట్టలు ఎత్తాం. ఎండిన ఈనెలు విదిల్చాం.
అట్ట చట్రాల్లో గడి గడికీ వేలు పెట్టి చూశాం.
ఒక పురుగుకి ఒక గది, అద్దె లేని వాటా.
ఖాళీ గదులు చాలా ఉన్నాయి.
అద్దెకి రానిది ఎక్కడుందో తెలీదు.

చివరికి లైట్లు ఆర్పేయమంది తనే.
నీలిదీపం పట్టుకున్నాను, పసుపు కళ్లద్దాలు పెట్టుకున్నాం.
చట్రాల నిండా పచ్చగా, దోరగా,
చీకటికి కాసిన కాయలు.
ఎన్నిసార్లు చూసినా
ఒక్క క్షణం నా ఉద్యోగం మరిచిపోతాను.

తలుపు వెనక మేకుకి
తలకిందులుగా వేలాడే వరిగడ్డి చీపురు.
దాని కట్టు దగ్గర, పుల్లల సందున,
ఒక్కటి.

జానెడు కదలని పురుగు
బల్లకోడు దిగి, సిమెంటు నేల దాటి, గోడెక్కి,
పన్నెండు అడుగులు.
టేపు పెట్టి కొలిచాను. పన్నెండు.

తొకుయే చాలాసేపు మాట్లాడలేదు.
"మా అత్త గడ్డితోనే మడిచేది,
వారు గూడు కట్టుకోడానికి.
వంకీలు వంకీలుగా, గుట్టల్లా.
నేను కాపురానికొచ్చిన ఏడే
అట్టలొచ్చాయి, గడ్డి పొయ్యిలోకి పోయింది.
వీరికెవరు చెప్పారు?"

మేం చెప్పలేదు.
మేం కుట్టింది ఒక్క గుండీ.
చొక్కా మాది కాదు.

కత్తెర తీశాను.
ఆమె నా మణికట్టు పట్టుకుంది.
"ఇంకా కడుతున్నారు, చూడు."
పల్చటి గోడ వెనక చిన్న తల
ఎనిమిది అంకె వేస్తోంది,
చెరిపి కాదు, దాని మీదే మళ్లీ ఎనిమిది.
ఇంత శ్రద్ధగా నేను ఏ అంకే వేయలేదు.

రూలు ప్రకారం రాత్రికే ఫ్రీజర్.
తొకుయే బార్లీ టీ తెచ్చింది.
రూలు చల్లారింది, టీ కంటే ముందు.
తెల్లారేసరికి గోడ మందమై
తల కనిపించడం మానేసింది.
ఫ్రీజర్ తలుపు ఆమే తెరిచింది.
చేతులు జోడించిందో, చలికి రుద్దుకుందో,
నేను అడగలేదు.

రిజిస్టర్లో రాశాను:
గూళ్లు, రెండువేల నాలుగువందల పద్దెనిమిది.
సరిపోయింది.
దాని కింద:
చీపురు, వరిగడ్డిది, ఒకటి. బయటికి పోరాదు.
అది ఫ్రీజర్లో పట్టలేదు.
వెదురు పిడి రంపంతో కోయాల్సొచ్చింది.

సంతకం పెడుతూ అడిగింది,
కొత్త చీపురు డబ్బులు సంస్థ ఇస్తుందా అని.
ఇస్తుందన్నాను. ప్లాస్టిక్‌ది కొనమన్నాను.

వినిపించనట్టు
కలం మూత వెతుక్కుంది.